నాగవ్వ సంసారాన్ని మేం బాగుచేసిన విధం

ఎదుటివాళ్ళ సంసారంలో తలదూర్చడాన్ని మించిన సంఘసేవ ఈ లోకంలో మరొకటి లేదని నేను ఘంటాపథంగా చెబుతున్నాను!

ఈ మధ్య కొందరు కుర్రకారు దీన్ని తప్పుపడుతున్నారు. ఎవరి ఇల్లు వాళ్ళది, ఎవరి ఇష్టం వాళ్ళదట. ఎంత ప్రమాదకరమైన మాట! ఎవరిష్టం వాళ్ళదయితే ఊరెందుకు? ఊళ్ళో పెద్దమనుషులెందుకు? సాయంత్రం పూట అరుగుల మీద మేమంతా కూర్చోవడం ఎందుకు?

నేను జహీరాబాదులో పంతొమ్మిదేళ్ళుగా బడిపంతుల్ని. నా సంసారం సలక్షణమైనది. పెళ్ళయి ఇరవై ఆరేళ్ళు. ఇంతవరకు నేను వంటింటి గడప దాటి లోపలికి వెళ్ళలేదు. మా ఆవిడ సావిత్రమ్మ మా ఇంటి అరుగు దాటి బయటికి రాలేదు. ఇద్దరి మధ్యా చిన్న మాట తేడా రాలేదు. మాటలుంటే కదా తేడా రావడానికి! ఇంత అనుభవం ఉన్నవాణ్ణి కనుకనే ఇతరుల కాపురాల గురించి మాట్లాడే అర్హత నాకుంది.

చంద్రప్ప, నాగవ్వల కాపురాన్ని మేం ఎలా ఉద్ధరించామో చెబుతాను. విన్నాక మీరే తీర్పు చెప్పండి.

పోయినేడు, అరవై ఒకటిలో, జనాభా లెక్కలు జరిగాయి. మా వీధి లెక్క రాసే బాధ్యత ప్రభుత్వం నాకు అప్పగించింది. ఫారాలు, పెన్సిలు, గొడుగు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతూ బీదర్ రోడ్డు బొంబాయి రోడ్డులో కలిసే చోటనున్న చంద్రప్ప కొట్టానికి వెళ్ళాను.

చంద్రప్ప ఎడ్లబండ్ల చక్రాలు చేస్తాడు. పాతవి బాగుచేస్తాడు. నాగవ్వ ఆ కొట్టం ముందే పొయ్యి పెట్టుకుని జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు. నేను వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఒకేసారి అన్నం తింటున్నారు! చూసిన క్షణానే నాకు అనుమానం రావలసింది. పెళ్ళయిన ఆడది మగడితో సమానంగా కూర్చుని తింటుందా?

ఫారం విప్పాను.

"ఇంటి యజమాని ఎవరు?" అన్నాను.

"ఇల్లు కిరాయిది సారు. యజమాని బీదర్ల ఉంటడు," అన్నాడు చంద్రప్ప.

"అది కాదయ్యా, ఈ ఇంట్లో పెద్ద ఎవరు?"

"ఆయిననే. నాకంటె ఎనిమిదేండ్లు పెద్ద," అంది నాగవ్వ.

అలాగే రాసుకున్నాను. "పెళ్ళయిందా?"

"లే," అన్నాడు చంద్రప్ప.

"అయింది. నా తొమ్మిదో ఏట మొగడు సచ్చిండు," అంది నాగవ్వ.

నా పెన్సిలు ఆగిపోయింది. "మరి ఈయన నీకేమవుతాడు?"

"చంద్రప్ప."

"పేరు కాదమ్మా, వరస!"

"వరస గిరస ఏం లేదు సారు. చంద్రప్ప, గంతే."

తర్వాత గుచ్చి గుచ్చి అడిగితే సంగతంతా బయటపడింది. నాగవ్వది రాయికోడ్. విధవరాలై అన్న ఇంట్లో చాకిరీ చేస్తూ ఇరవై ఏళ్ళదాకా ఉంది. ఒకనాడు అన్నావదినలతో బండిలో పోతుంటే ఈ ఊరి దగ్గర చక్రం విరిగింది. చంద్రప్ప దాన్ని బాగుచేయడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ నాగవ్వే అందరికీ వండింది. మూడోనాడు పొద్దున అన్నావదినలు బండెక్కి పోయారు. నాగవ్వ పోలేదు.

"ఉండుమని నేను అనలే. పోతనని ఆమె అనలే," అన్నాడు చంద్రప్ప, అదేదో గొప్ప అయినట్టు.

ఇరవై రెండేళ్ళు! పెళ్ళి లేకుండా, పుస్తె లేకుండా, పురోహితుడు లేకుండా ఇరవై రెండేళ్ళ కాపురం! ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఎందుకంటే ఎవరూ అడగలేదు. చూశారా, అడక్కపోతే ఎంత నష్టమో!

లెక్కల్లో తెలిసిన సంగతి బయట చెప్పకూడదని మాకిచ్చిన పుస్తకంలో స్పష్టంగా రాసి ఉంది. రూలు రూలే. అందువల్ల నేను ఆ పుస్తకం మూసి సంచిలో పెట్టిన తర్వాతే చెప్పాను.

వెంటనే ఒక కమిటీ ఏర్పడింది. నేను, బట్టల దుకాణం రామచందర్, మాజీ పట్వారీ నర్సప్ప. ముగ్గురమూ దాంపత్య ధర్మం కాచి వడబోసినవాళ్ళమే. రామచందర్ భార్యతో మాట్లాడక ఆరేళ్ళయింది. మంచినీళ్ళు కావాలన్నా గోడకు చెబుతాడు. గోడ అవతల ఆవిడ వింటుంది. నర్సప్ప భార్య పదకొండేళ్ళుగా కోహీర్లో తమ్ముడి దగ్గర ఉంటోంది. పండక్కి వస్తుంది. మర్నాటి మొదటి బస్సుకు వెళ్ళిపోతుంది. అయితేనేం? ముగ్గురివీ అగ్నిసాక్షిగా జరిగిన పెళ్ళిళ్ళు. పునాది గట్టిది!

ముందు నాగవ్వ రొట్టెలు ఎవరూ కొనకూడదని తీర్మానించాం. ఊరివాళ్ళు మానేశారు. కానీ బొంబాయి రోడ్డున పోయే లారీ డ్రైవర్లకు నీతినియమాలుండవు కదా! చిరాగ్‌పల్లి దాటగానే హారన్ కొట్టుకుంటూ వచ్చి అరగంటలో గంప ఖాళీ చేసేవాళ్ళు.

అప్పుడు నర్సప్పకు అసలు కిటుకు తట్టింది.

వీరభద్రుడి జాతరకు రథం లాగుతాం. ఆ రథచక్రాలు పదిహేనేళ్ళుగా చంద్రప్పే చూస్తున్నాడు. ప్రతి ఏడూ జాతరకు పది రోజుల ముందు గుడికి వెళ్ళి, చక్రాలు విప్పి, కందెన పూసి, పగుళ్ళు చూసి మళ్ళీ బిగిస్తాడు. రథం కదిలినప్పుడు పక్కనే చక్రం మీద చెయ్యి వేసి నడుస్తాడు. దానికతడు ఒక్క కొబ్బరిచిప్ప తప్ప ఏమీ పుచ్చుకోడు. ఆ ఏడు వెళ్ళినవాణ్ణి గుడి మెట్ల దగ్గరే ఆపించాం. పెళ్ళి లేకుండా ఆడదానితో ఉండేవాడు దేవుడి చక్రం ముట్టుకోరాదని చెప్పాం.

 చంద్రప్ప పనిముట్ల సంచి భుజాన వేసుకుని వెనక్కి వెళ్ళిపోయాడు. మూడు రోజులు కొలిమి వెలిగించలేదట. అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడట.

నాలుగో రోజు నాగవ్వ మా బడికి వచ్చింది.

"సారు, పెండ్లి జేస్కుంటె రథం గీర ముట్టనిస్తరా?"

"తప్పకుండా!"

"గట్లయితె చెయ్యుండ్రి. ఆయిన మొకం గట్ల వాడిపోతె నాతోని చూసుడైతలేదు. పెండ్లే గద, ఏం జేస్తది మమ్ముల!"

పెళ్ళి ఏం చేస్తుందో ఆమెకు పాపం తెలియదు. తొమ్మిదేళ్ళప్పటి అనుభవం ఏం గుర్తుంటుంది?

పెళ్ళి ఘనంగా చేశాం. బీదర్ నుంచి ఫోటోగ్రాఫర్ వచ్చాడు. ఫోటోలో మధ్యన మేం ముగ్గురం కూర్చున్నాం. వధూవరులు ఇద్దరూ వెనక వరసలో నిలబడ్డారు. నర్సప్ప తలపాగా కొస అడ్డం వచ్చి నాగవ్వ మొహం సగమే పడిందనుకోండి, అది వేరే సంగతి. తర్వాత నేను గంటన్నర ఉపన్యసించాను. భార్య ధర్మాలు ముప్పైరెండు వివరించాను. భర్త ధర్మాల దగ్గరికి వచ్చేసరికి విస్తళ్ళు వేసేశారు.

చంద్రప్ప ఆ ఏడు జాతరలో చక్రం మీద చెయ్యి వేసి నడిచాడు. నాగవ్వ జనంలో నిలబడి చూసి మురిసిపోయింది. వాళ్ళిద్దరి కథ అక్కడితో ముగిసిందనుకుని మేం వదిలేస్తే మేం పెద్దమనుషులమెలా అవుతాం? పెళ్ళి చేయడం సులువు. పెళ్ళయినవాళ్ళలా బతకడం నేర్పాలి కదా!

చంద్రప్పకు రోజూ తెల్లవారి బిందెతో బావికి వెళ్ళి నీళ్ళు తెచ్చే దురలవాటుంది. నర్సప్ప బావి దగ్గర నలుగురిలో పట్టుకున్నాడు. "పెండ్లాం ఉండంగ నువ్వు నీళ్ళు మోసుడేంది చంద్రప్పా? సిగ్గు లేదా?" అన్నాడు. నలుగురూ నవ్వారు. మర్నాటి నుంచి నాగవ్వే మోసింది.

ఇద్దరూ కలిసి తినడం మాన్పించాం. రోడ్డు మీద లారీవాళ్ళ ముందు కూర్చుని రొట్టెలు కొట్టడం ఇల్లాలికి తగదని పొయ్యి లోపలికి తీయించాం. చంద్రప్పకు నర్సప్ప అరుగు మీద, పెళ్ళయిన మగవాళ్ళ మధ్యన చోటిచ్చాం. అక్కడ సాయంత్రం పూట ఒక్కొక్కరం భార్య మీద ఒక్కో ఫిర్యాదు చెప్పుకోవడం రివాజు. చంద్రప్ప దగ్గర ఒక్కటీ లేదు! మొదటి వారం బిక్కమొహం వేసుకుని కూర్చునేవాడు. రెండో వారానికి, "రొట్టె జర మందమైతుంది," అన్నాడు. అందరం భుజం తట్టాం. నెల తిరిగేసరికి చక్కగా మాలాగే మాట్లాడసాగాడు.

అన్నిటికంటె కష్టమైంది పేరు. నాగవ్వ అతణ్ణి "చంద్రప్పా!" అని వీధి చివర్దాకా వినిపించేట్టు పిలిచేది. మొగుణ్ణి పేరు పెట్టి! నేను స్వయంగా వెళ్ళి నాగరిక పద్ధతిలో "ఏమండీ" అనాలని నేర్పాను. ఆమె అతని వంక చూసింది. అతడు నేలచూపులు చూశాడు. సరేనంది. ఆనాటి నుంచి అతణ్ణి అసలు పిలవడమే మానేసింది.

రెండు నెలల్లో ఆ కొట్టం దేవాలయంలాగా నిశ్శబ్దమైపోయింది. మాట లేదు, నవ్వు లేదు. అచ్చం మా ఇల్లులాగే! నా కృషి ఫలించిందని ఎంత సంతోషించానో!

ఇంతలో వానల ముందు రోజులొచ్చాయి. రైతులంతా బండ్లు బాగుచేయించుకునే కాలం. చక్రానికి ఇనుప పట్టా ఎక్కించడం మీరు చూశారా? పిడకల మంటలో పట్టా ఎర్రగా కాలాలి. ఇద్దరు మనుషులు చెరోవైపు పటకార్లతో పట్టుకుని, నేల మీద పరిచిన చక్రం మీదికి ఒక్క ఊపున దించాలి. క్షణం ఆలస్యమైనా, వేలెడు పక్కకు జరిగినా అంతే సంగతులు. ఇరవై రెండేళ్ళుగా రెండో మనిషి నాగవ్వే. ఎడమకు, కుడికి, ఆగు, దించు అని అరిచేదీ ఆమే.

ఆ రోజు కొట్టంలో ముగ్గురు రైతులు కూర్చుని ఉన్నారు. నేనూ ఉన్నాను. పట్టా ఎత్తారు. చంద్రప్ప వైపు పటకారు జారడం నాగవ్వ చూసింది. నోరు తెరిచింది. నా వంక చూసింది.

"ఏమండీ!" అంది.

ముగ్గురు రైతులూ తలలు తిప్పారు. నేనూ తిప్పాను. చంద్రప్ప ఒక్కడే తిప్పలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి, తోటి మనుషులెవరూ అతణ్ణి ఆ పేరుతో పిలవలేదు మరి.

ఎర్రగా కాలిన పట్టా అతని కుడిపాదం మీద పడింది.

ఇరవై రోజులు దవాఖానలో ఉన్నాడు. మూడు వేళ్ళు పోయాయి. నాగవ్వ మంచం పక్కనుంచి కదలలేదు. నేను బత్తాయిలు పట్టుకుని పరామర్శకు వెళ్ళాను. వాళ్ళిద్దరూ నన్ను గమనించలేదు.

"పేరు వెట్టి పిలువకపోతివి?" అంటున్నాడు చంద్రప్ప.

"పిలువొద్దన్నరు గద."

"నేనన్ననా?"

"నువ్వు అనలే. అన్నోళ్ళ ముంగట ఊకున్నవ్. నీళ్ళకాడ ఊకున్నవ్, బువ్వకాడ ఊకున్నవ్. నా రొట్టె మందమైతుందని అరుగు మీద చెప్పినవంట. ఇరవై రెండేండ్లు తిన్నవ్ గద చంద్రప్పా, ఒక్కనాడు నాతోని చెప్పకపోతివి?"

 చంద్రప్ప ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"రొట్టె మందంగ ఉండలే నాగవ్వ. ఉట్టిగనే అన్న. తప్పయింది."

పదిమంది రోగుల ముందు, భర్త భార్యకు క్షమాపణ! నేను బత్తాయిలు కిటికీలో పెట్టి వచ్చేశాను. అక్కడ నిలబడి చూడవలసిన దృశ్యమా అది?

పాదం మానింది. కుంటు మిగిలింది. ఒక ఉదయం ఇద్దరూ మా ఇంటికే వచ్చారు.

"సారు, మా పెండ్లి తీసెయ్యుండ్రి," అంది నాగవ్వ.

పెళ్ళంటే గోడమీద మొలకు తగిలించిన చొక్కా అనుకుందా తీసెయ్యడానికి? దానికి చట్టముంది, కోర్టుంది! బెదిరిస్తే మానుకుంటారని సంగారెడ్డిలో ఒక లాయరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని నాగవ్వను అడిగాడు.

"నిన్ను కొడతాడా?"

"లేదు సారు."

"ఇంకొకామె ఉందా?"

"లేదు."

"పిచ్చా? పెద్ద రోగమా? ఇల్లు విడిచి పోయాడా?"

"యాడికి పోతడు సారు, గీ కాలుతోని!"

"మరి విడాకులెందుకమ్మా?"

"మేం కలిసి ఉండేటందుకు."

లాయరు కళ్ళద్దాలు తీసేశాడు. చంద్రప్ప కలుగజేసుకుని వివరించాడు. "పెండ్లికి ముంగట మంచిగుంటిమి సారు. పెండ్లయినంక నేను మొగణ్ణైన. గది పోతె మల్ల మంచిగుంటం."

లాయరు లావుపాటి పుస్తకం ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు తిరగేశాడు. ఒకరంటే ఒకరికి పడనివాళ్ళకే విడాకులు తప్ప, ఒకరంటే ఒకరికి ప్రాణమైనవాళ్ళకు ఇచ్చే సెక్షను ఎక్కడా లేదన్నాడు. పైగా పెళ్ళయి మూడేళ్ళయినా నిండాలన్నాడు. మన చట్టం ఎంత పటిష్టమైందో చూశారా!

జహీరాబాదులో బస్సు దిగాక నాగవ్వ నన్ను ఆపింది. మెడలోంచి పుస్తెల తాడు తీసి నా చేతిలో పెట్టింది.

"మీరు కట్టిపిచ్చిన్రు. మీరే జాగ్రత్త పెట్టుకోండ్రి. మా ఫికర్ చెయ్యకుండ్రి."

నడిరోడ్డు మీద పుస్తెల తాడు పట్టుకుని నేను నిలబడిపోయాను. వచ్చేపోయేవాళ్ళందరూ నన్నే చూశారు. వాళ్ళిద్దరూ బీదర్ రోడ్డున వెళ్ళిపోయారు. అతడు కుంటుతూ, ఆమె అతని వేగానికి తగ్గట్టు నడుస్తూ.

మర్నాడే పొయ్యి మళ్ళీ రోడ్డుకెక్కింది. చంద్రప్ప కుంటికాలుతోనే బిందె భుజానికెత్తాడు. నర్సప్ప బావి దగ్గర మళ్ళీ నవ్వాడు. "మా ఇంట్ల నీళ్ళు కావాలె పట్వారీ. మీ ఇంట్ల ఎవరున్నరని తాగుతరు?" అన్నాడట చంద్రప్ప. నర్సప్ప ఇప్పుడు ఆ బావి వైపు వెళ్ళడం లేదు.

మేం ఊరుకున్నామా? ఈ ఏడు జాతరకు చక్రాలు చూడడానికి బీదర్ నుంచి వేరే మనిషిని పిలిపించాం. రథం గుడి మలుపు దాటకముందే చక్రం చీలి కూర్చుండిపోయింది. వేలమంది జనం, నడివీధిలో దేవుడు! కమిటీ అక్కడికక్కడే అత్యవసరంగా సమావేశమైంది. లాయరు చెప్పిన ప్రకారం విడాకులు రాలేదు కనుక, చట్టం దృష్టిలో చంద్రప్ప ఇంకా గృహస్థుడే కనుక, పిలవవచ్చునని ఏకగ్రీవంగా తీర్మానించాం. అతడు వచ్చి రెండు గంటల్లో చక్రం బిగించాడు. రెండో వైపు పట్టుకున్నది నాగవ్వే. "చంద్రప్పా, జర ఎడమకు!" అని ఆమె వేసిన కేకకు మేళతాళాలు కూడా ఆగిపోయాయి. దేవుడు మాత్రం ఏమీ అభ్యంతరం చెప్పినట్టు లేదు.

మా సంఘసేవ విఫలమైందని కొందరు వెక్కిరిస్తున్నారు. కాగితం మీద చూడండి! ఫారాల్లో నేను రాసినదానికంటె మా వీధిలో పెళ్ళయినవాళ్ళ సంఖ్య రెండు పెరిగిందా లేదా?

అయినా నేను బాధ్యత మరవలేదు. రోజూ సాయంత్రం బడి నుంచి వస్తూ ఆ కొట్టం ముందు కాసేపు ఆగి కనిపెడుతున్నాను. వాళ్ళు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటూనే ఉంటారు. మధ్యమధ్య పగలబడి నవ్వుతారు. ఇరవై మూడేళ్ళు ఒకే కప్పు కింద ఉన్న ఇద్దరు మనుషులకు ఇంకా మాట్లాడుకోవడానికి ఏముంటుంది? ఇందులో ఏదో కుట్ర ఉందని నా అనుమానం.

మొన్న ఉండబట్టలేక అడిగేశాను. "ఏం మాట్లాడుకుంటారు నాగవ్వా మీరిద్దరూ, అంతంతసేపు?"

"ఏముంటయి సారు! పొద్దుగాల ఏ లారీ వచ్చింది, ఎవని బండి ఇరిగింది, ఎవడెట్ల తుమ్మిండు, గవ్వే."

"దానికి అంత నవ్వా?"

"మీరు గిట్ల ఇంట్ల చెప్పి చూడుండ్రి. నవ్వస్తదో రాదో."

ఇది కేవలం పరిశోధన కోసం చేశానని పాఠకులు గ్రహించాలి. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి, కాళ్ళు కడుక్కుని, సావిత్రమ్మ బియ్యం ఏరుతుంటే ఎదురుగా నేల మీద కూర్చున్నాను. బడిలో ఆ రోజు హెడ్మాస్టరు కుర్చీ కోడు విరిగి ఆయన ఎలా వెల్లకిలా పడ్డాడో, లేవబోయి పటం కర్ర పట్టుకుంటే ఆసియా ఖండమంతా ఆయన మీద ఎలా కూలిందో మొదటి నుంచి చివరిదాకా చెప్పాను.

సావిత్రమ్మ నవ్వలేదు. చేట పక్కన పెట్టింది. నా మొహంలోకి భయంగా చూసింది. దగ్గరికి జరిగి నా నుదుటి మీద చెయ్యి వేసింది.

"ఒళ్ళు కాలుతలేదు గద," అంది. "మరేమైంది మీకు? దవాఖానకు పోదమా?"

ఏమీ కాలేదని చెప్పబోయాను. కానీ ఇరవై ఆరేళ్ళలో ఆమె ఇంత దగ్గరగా కూర్చోవడం అదే మొదటిసారని అప్పుడే గుర్తుకొచ్చింది. కొంచెం నలతగానే ఉందని చెప్పి, ఆ చెయ్యి అక్కడే ఉండనిచ్చాను.

కేవలం వైద్యపరమైన కారణాల వల్లనే సుమా!